డబ్బా గిటారు పలకకపోతే ఏం చెయ్యాలి?

ఈసారి మన గోడ పత్రికలో డబ్బా గిటార్ల గురించి వ్రాస్తున్నాను. కొంచెం పొడుగ్గా ఉంది. నిలబడి చదివితే కాళ్ళు నొప్పి పుడతాయి కాబట్టి రెండు రోజుల్లో చదవండి.

మన హాస్టల్లో ఇప్పుడు ఏడు డబ్బా గిటార్లు ఉన్నాయి. వాటిలో రెండే పలుకుతున్నాయి. మిగతా ఐదు మంచాల కింద దుమ్ము పట్టి ఉన్నాయి. పాత నోట్ బుక్కులు పాత సామాన్ల వాడికి వేసేటప్పుడు వీటిని కూడా వేసేస్తారని అందరూ అంటున్నారు. చేసిన వాళ్ళను అడిగాను. "మాకు సంగీతం రాదులే" అని ఒకరు అన్నారు. "మనలాంటోళ్ళకి గిటారెందుకు వస్తది" అని ఇంకొకరు అన్నారు.

ఆడలేక మద్దెల ఓడు అని మన తెలుగు పుస్తకంలో సామెత ఉంది. ఆడటం చేతకాక మద్దెల మీద నెపం పెట్టడం అన్నమాట. కానీ ఇక్కడ సంగతి తిరగబడింది. నిజంగానే మద్దెల ఓటిది, ఆడేవాళ్ళు మాత్రం తమకే చేతకాదని అనుకుంటున్నారు. వాళ్ళను అడిగి ఆ ఐదు గిటార్లను బయటికి తీసి ఒక్కొక్కటే చూశాను. ఐదింటికీ ఐదు రకాల తప్పులు ఉన్నాయి. ఒక్కటి కూడా బాగుపడనిది కాదు. అందుకే ఒక్కొక్క గిటారుకు ఏమైందో, ఎట్లా బాగు చెయ్యాలో వరసగా వ్రాస్తున్నాను.

డబ్బా గిటారు ఎక్కడిది?

ఇది మొదట అమెరికాలో బీదవాళ్ళు చేసుకున్న వాయిద్యం. మన తాతలు, అవ్వలు చుట్ట తాగుతారు కదా, అట్లాంటి చుట్టలనే ఆ దేశంలో ఫ్యాక్టరీలలో చుట్టి, సన్నటి చెక్క పెట్టెల్లో పెట్టి అమ్మేవారు. పెట్టె ఖాళీ అయితే పారేయకుండా దానికి ఒక కర్ర, ఒక తీగ కట్టి వాయించేవారు. 1861 నుంచి 1865 వరకు ఆ దేశంలో అంతర్యుద్ధం జరిగింది. ఎడ్విన్ ఫోర్బ్స్ అనే చిత్రకారుడు ఆ యుద్ధ సైనికుల బొమ్మలు గీశాడు. 1876లో వచ్చిన ఆయన బొమ్మల్లో ఒక సైనికుడు చుట్టల పెట్టెతో చేసిన ఫిడేలు వాయిస్తూ ఉంటాడు.

కార్ల్ పెర్కిన్స్ అనే గాయకుడు 1932లో టెన్నెసీ రాష్ట్రంలో పుట్టాడు. వాళ్ళ నాన్న వేరేవాళ్ళ పొలం పాలుకు చేసేవాడు. ఆయన కూడా చిన్నప్పుడు పత్తి ఏరాడు. గిటారు కొనే డబ్బు లేక వాళ్ళ నాన్న చుట్టల పెట్టె, చీపురు కర్ర, తీగలతో ఒకటి చేసి ఇచ్చాడు. ఆయన తరువాత చాలా పేరు పొందాడు.

మన దగ్గర కూడా ఇట్లాంటివి ఉన్నాయి. కిన్నెరకు ఎండిన సొరకాయ బుర్రలు, వెదురు కర్ర వాడతారు. 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఆదిలాబాద్ వైపు గోండుల దగ్గర ప్రధానులు కిక్రి వాయిస్తారు. దానికి మూడు తీగలు ఉంటాయి. ఇవేవీ ఫ్యాక్టరీలో చేసినవి కావు, చేత్తో చేసుకున్నవే.

ముందు భాగాల పేర్లు

పేర్లు తెలియకపోతే తరువాత అర్థం కాదు. వీణకు వాడే పేర్లే నేను వాడుతున్నాను.

దండి: పొడవాటి కర్ర.
డబ్బా: శబ్దాన్ని పెద్దది చేసేది. మనవాళ్ళు బిస్కెట్ల రేకు డబ్బాలు, పండ్ల పెట్టె ప్లైవుడ్డు వాడారు.
గుర్రం: డబ్బా మూత మీద నిలబెట్టి, తీగను పైకి ఎత్తి పట్టే చిన్న చెక్క ముక్క.
పై అడ్డు: దండి పై చివర తీగ కింద పెట్టే చిన్న పుల్ల.
మెట్లు: వేలితో నొక్కే చోట దండి మీద అడ్డంగా ఉండే పుల్లలు.
బిరడ: తీగను బిగించే మేకు లాంటి చెక్క.

ఇది ఎట్లా పలుకుతుంది?

తొమ్మిదో తరగతి సైన్సులో ధ్వని పాఠం ఉంది. కంపించే వస్తువు నుంచి ధ్వని పుడుతుంది. కానీ తీగ చాలా సన్నగా ఉంటుంది. అది ఎంత ఊగినా గాలిని ఎక్కువ కదిలించలేదు. తీగ ఊపు గుర్రంలోకి పోతుంది, గుర్రం నుంచి మూతలోకి పోతుంది. మూత వెడల్పుగా ఉంటుంది కాబట్టి గాలిని బాగా కదిలిస్తుంది. అప్పుడు మన చెవికి గట్టిగా వినిపిస్తుంది. తీగ, గుర్రం, మూత, గాలి: ఈ దారిలో ఎక్కడ అడ్డం పడినా గిటారు పలకదు. ఇది గుర్తుంటే సగం రిపేరు వచ్చినట్లే.

మొదటి గిటారు: మెడ ఊగేది

దీన్ని చేసినవాళ్ళు దండిని డబ్బా పక్కకు ఆనించి రెండు మేకులు కొట్టారు. తీగ బిగించగానే దండి ముందుకు వంగుతుంది. దండి వంగితే తీగ వదులవుతుంది. మళ్ళీ బిగిస్తే ఇంకా వంగుతుంది. చివరకు మేకులు ఊడి డబ్బా రేకు చొట్టపోయింది.

తీగ లాగే బలం మనం అనుకున్నదాని కంటే చాలా ఎక్కువ. ఆ బలాన్ని డబ్బా మొయ్యలేదు, దండే మొయ్యాలి. అందుకని దండి డబ్బా పక్కన ఆగిపోకూడదు. డబ్బాలో ఒక వైపు దూరి ఇంకో వైపు రెండు సెంటీమీటర్లు బయటికి రావాలి. తీగ కింది కొస ఆ బయటికి వచ్చిన ముక్కకే కట్టాలి. అప్పుడు తీగ రెండు కొసలూ ఒకే కర్రను పట్టుకుని ఉంటాయి. డబ్బా ఊరికే మధ్యలో కూర్చుంటుంది.

బాగు చేసే పద్ధతి: మూడు అడుగుల కొత్త కర్ర తీసుకోవాలి. డబ్బా రెండు పక్కలా కర్ర పట్టేంత కన్నం చెయ్యాలి. రేకును పూర్తిగా కోసి తీసేయకుండా అడ్డంగా, నిలువుగా గీటు పెట్టి లోపలికి మడిస్తే ఆ మడతలు కర్రను పట్టుకుంటాయి. రేకు కోసే పని మాత్రం పెద్దవాళ్ళ చేత చేయించండి.

ఇంకొక మాట. పచ్చి వెదురు వాడవద్దు. అప్పుడే నరికిన వెదురు ఎండేకొద్దీ ముడుచుకుంటుంది, పగులుతుంది. నీడలో బాగా ఎండినదే వాడాలి. ఎండలో పెట్టి తొందరగా ఎండబెట్టినా పగుళ్ళు వస్తాయి. ఇది ఇంటి దగ్గర తడికలు అల్లేవాళ్ళను అడిగితే మనకంటే బాగా చెబుతారు.

రెండవ గిటారు: గొంతు రానిది

ఇది చూడటానికి అన్నిటికంటే అందంగా ఉంటుంది. మూత నిండా రంగు కాగితం, చమ్కీలు, పూసలు అంటించి ఉన్నాయి. కానీ తీగ మీటితే దోమ పాడినట్లు వినిపిస్తుంది.

దీనికి కారణాలు మూడు కనిపించాయి.

ఒకటి, మూత బరువెక్కింది. ఇందాక చెప్పినట్లు ఊగాల్సింది మూతే. దుప్పటి నిండా కప్పుకుని ఎగరమంటే ఎగరగలమా? చమ్కీలు డబ్బా పక్కలకు అంటించుకోవచ్చు, మూతను మాత్రం వదిలేయాలి. మూత చెక్కదైతే మూడు మిల్లీమీటర్ల మందం ప్లైవుడ్డు చాలు. బెంచీ చెక్క అంత మందం ఉంటే ఊగదు.

రెండు, డబ్బా లోపల దండి మూతకు పొడుగునా ఆనుకుని ఉంది. అంటే మూత వీపు మీద కర్ర అంటించినట్లు అయింది. డబ్బా లోపల ఉండే భాగం వరకు దండి పైవైపు నాలుగైదు మిల్లీమీటర్లు చెక్కి తీసేయాలి. అప్పుడు మూతకు, దండికి మధ్య సందు వస్తుంది.

మూడు, గుర్రం మూత అంచున ఉంది. అంచు గట్టిగా బిగిసి ఉంటుంది, ఊగదు. గుర్రాన్ని అంచు నుంచి మధ్య వైపు జరపాలి. అట్లాగే తీగ గుర్రం మీద నుంచి కిందికి వంగి పోవాలి. తీగ చదునుగా పోతే గుర్రాన్ని అదమదు, ఊపు మూతలోకి దిగదు.

పరీక్ష: చేసే ముందే మూతను వేలితో కొట్టి చూడండి. "డబ్" అని మోగితే మంచిది. "టక్" అని ఆగిపోతే ఎక్కడో బిగుసుకుందని అర్థం.

మూతకు కన్నం లేకపోతే పలకదని కొందరు పెద్ద కన్నం చేస్తున్నారు. కన్నం లేకపోయినా పలుకుతుంది. చెయ్యాలనుకుంటే రూపాయి బిళ్ళంత కన్నాలు ఒకటి రెండు చాలు. పెద్ద కన్నం చేస్తే ఊగాల్సిన మూతనే కోసి పారేసినట్లు.

మూడవ గిటారు: గరగరలాడేది

ఇది పలుకుతుంది, కానీ గొంతులో కఫం ఉన్నట్లు పలుకుతుంది. గరగర ఎక్కడి నుంచి వస్తుందో కనుక్కోవడమే అసలు పని. ఊహించి ఏదో ఒకటి పీకేయకూడదు. డాక్టరు గారు స్టెతస్కోపు పెట్టి ఒక్కొక్క చోట వింటారు కదా, అట్లా చూడాలి.

ఏ మెట్టూ నొక్కకుండా మీటినప్పుడు మాత్రమే గరగర వస్తే, పై అడ్డు తక్కువ ఎత్తులో ఉంది. తీగ మొదటి మెట్టుకు తగులుతోంది. పై అడ్డు కింద పోస్టు కార్డు ముక్క మడిచి పెట్టాలి.

ఒక మెట్టు నొక్కినప్పుడు మాత్రమే వస్తే, దాని తరువాతి మెట్టు ఎత్తు ఎక్కువై ఉంటుంది. దాన్ని గరుకు కాగితంతో కొంచెం రుద్దాలి.

ఎక్కడ నొక్కినా, నొక్కకపోయినా వస్తుంటే తప్పు తీగది కాదు. డబ్బాలో ఏదో వదులుగా ఉంది. ఒకరు తీగ మీటుతూ ఉంటే ఇంకొకరు మూత, పక్కలు, మేకులు ఒక్కొక్కటే అరచేత్తో అదిమి చూడాలి. ఎక్కడ అదిమితే గరగర ఆగుతుందో తప్పు అక్కడే. మన మూడవ గిటారులో ఇట్లా వెతికితే డబ్బా లోపల ఒక చిన్న మేకు దొరికింది. అది రేకు మీద ఎగురుతూ ఉంది. తీసేశాక గరగర సగం పోయింది. మిగతా సగం పై అడ్డుది.

గరగర పోవాలని కొందరు గుర్రాన్ని బాగా ఎత్తు చేస్తారు. అప్పుడు తీగ దండికి చాలా దూరమై వేళ్ళు కోసుకుపోతాయి. కొలత గుర్తు పెట్టుకోండి. పై అడ్డు దగ్గర తీగ కింద ఒక రూపాయి బిళ్ళ దూరాలి. తీగ సరిగ్గా సగం దగ్గర రెండు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెడితే దూరాలి. అంతకంటే మరీ ఎక్కువ ఎత్తు ఉంటే గుర్రం అడుగు రుద్ది తగ్గించాలి.

ఎత్తు తగ్గించడం కుదరకపోతే మెట్లు తీసేసి, చిన్న గాజు మందు సీసాను తీగ మీద జరుపుతూ వాయించవచ్చు. పగలని సీసానే వాడాలి. మన దక్షిణాదిలో గోటువాద్యం అని ఒకటి ఉంది. దానికి మెట్లు ఉండవు, తీగ మీద నున్నటి కర్ర ముక్క జరిపి వాయిస్తారు. కాబట్టి మెట్లు లేనిది చెడిపోయిన గిటారు అని ఎవరూ అనుకోవద్దు.

నాలుగవ గిటారు: శ్రుతి నిలవనిది

ఇది పొద్దున బిగిస్తే ప్రేయర్ అయ్యేసరికి వదులైపోతుంది. ఇక్కడ బిరడ బదులు గుండ్రటి మేకు పెట్టారు. నున్నటి మేకు నున్నటి కన్నంలో తిరిగిపోతుంది.

బిరడ ఒక వైపు లావుగా, ఒక వైపు సన్నగా చెక్కాలి, క్యారెట్టు లాగా. కన్నం కూడా అట్లాగే ఉండాలి. అప్పుడు లోపలికి తోసేకొద్దీ బిగుసుకుంటుంది. అయినా జారితే బిరడకు సుద్ద పొడి పూయాలి. జారకుండా బిరడలకు సుద్ద పూయడం ఫిడేలు వాయించేవాళ్ళు కూడా చేస్తారు. మరీ బిగుసుకుపోయి తిరగకపోతే పొడి సబ్బు కొంచెం రుద్దాలి. సుద్ద బడిలో ఉంది, సబ్బు పెట్టెలో ఉంది. కొనాల్సింది ఏమీ లేదు.

తీగను బిరడకు మూడు నాలుగు చుట్లు చుట్టాలి. చుట్టు మీద చుట్టు పడకుండా పక్కపక్కన పడాలి. ఒకే చుట్టు అయితే జారుతుంది.

తీగకు గాలం నైలాన్ దారం మంచిది. కానీ నైలాన్ కొత్తలో సాగుతుంది. మొదటి రెండు మూడు రోజులు ఎన్నిసార్లు బిగించినా వదులవుతుంది. ఇది తప్పు కాదు, దాని గుణం. బిగించి రాత్రంతా వదిలేసి పొద్దున మళ్ళీ బిగించాలి. కొన్నాళ్ళకు నిలబడుతుంది. ఈ సంగతి తెలియకే చాలామంది రెండో రోజే "ఇది పనికిరాదు" అని మంచం కిందికి తోసేశారు.

కొందరు ఆరు తీగలు కట్టాలని చూశారు. ఆరు తీగల బలానికి మన కర్ర ఆగదు. మొదట ఒక్క తీగ చాలు. రెండోది కట్టినా దాన్ని నొక్కకుండా శ్రుతికి మాత్రమే ఉంచుకోవాలి.

ఐదవ గిటారు: స్వరం తప్పేది

ఇది అన్నిటికంటే ముఖ్యమైనది. ఈ గిటారు గట్టిగా ఉంది, బాగా మోగుతుంది, గరగర లేదు. కానీ ఏ పాట వాయించినా పాట లాగా ఉండదు. చేసిన చెల్లి "నా చెవి మంచిది కాదు" అని ఏడ్చింది. చెల్లీ, నీ చెవి చాలా మంచిది. మంచిది కాబట్టే తప్పు వినిపించింది. తప్పు స్కేలుది.

మెట్లన్నీ నాలుగు సెంటీమీటర్లకు ఒకటి చొప్పున సమానంగా గీశారు. చూడటానికి నిచ్చెన లాగా చక్కగా ఉంటుంది. కానీ స్వరాలు సమాన దూరంలో ఉండవు. తీగ పొడవు సగం అయితే పౌనఃపున్యం రెండింతలు అవుతుంది. అందుకని మెట్లు కూడికతో కాదు, భిన్నాలతో పెట్టాలి. ఆరో తరగతిలో భిన్నాలు ఎందుకు నేర్పారా అని అడిగేవాళ్ళకు జవాబు ఇదే.

పై అడ్డు నుంచి గుర్రం వరకు తీగ పొడవు 60 సెంటీమీటర్లు అనుకోండి. పై అడ్డు నుంచి కొలిచి ఇట్లా గుర్తులు పెట్టాలి.

స: నొక్కకుండా మీటాలి
రి: 9వ వంతు దగ్గర, 6.7 సెం.మీ.
గ: 5వ వంతు దగ్గర, 12 సెం.మీ.
మ: 4వ వంతు దగ్గర, 15 సెం.మీ.
ప: 3వ వంతు దగ్గర, 20 సెం.మీ.
ద: 5లో 2 వంతుల దగ్గర, 24 సెం.మీ.
ని: 15లో 7 వంతుల దగ్గర, 28 సెం.మీ.
పై స: సగం దగ్గర, 30 సెం.మీ.

మధ్యలో దూరాలు చూడండి. స నుంచి రి 6.7, తరువాత 5.3, 3, 5, 4, 4, 2. అన్నీ సమానంగా లేవు. అయినా పాడితే మెట్లు ఎక్కినట్లు నున్నగా వినిపిస్తుంది.

ఎందుకు? ప దగ్గర నొక్కితే మూడింట ఒక వంతు పోయి రెండు వంతులు మిగులుతుంది. పొడవు 2/3 అయితే పౌనఃపున్యం 3/2 అవుతుంది. స 240 హెర్ట్జ్‌లు అనుకుంటే రి 270, గ 300, మ 320, ప 360, ద 400, ని 450, పై స 480. మీరే లెక్క వేసి సరిచూసుకోండి.

మీ తీగ పొడవు 60 కాకపోయినా భయం లేదు. వంతులు అవే, కొలతలు మారతాయి. 54 సెంటీమీటర్లు అయితే రి 6, గ 10.8, మ 13.5, ప 18, ద 21.6, ని 25.2, పై స 27.

ఇక్కడ ఇంకో పొరపాటు జరుగుతుంది. కొందరు కర్ర పొడవు కొలుస్తారు. కర్ర ఎంత ఉన్నా మనకు పని లేదు. పై అడ్డుకు, గుర్రానికి మధ్య ఊగే తీగ పొడవే లెక్క. అందుకే గుర్రాన్ని అంటించకూడదు. తీగ బరువుతోనే నిలబడనివ్వాలి. అప్పుడు అటూ ఇటూ జరుపుకోవచ్చు.

సరిచూసే పద్ధతి: తీగ సగం దగ్గర నొక్కకుండా, ఈగ వాలినట్లు వేలు తాకించి మీటి వెంటనే వేలు తీసేయాలి. గంట లాంటి సన్నటి స్వరం వస్తుంది. తరువాత అదే చోట మెట్టు మీద నొక్కి మీటాలి. రెండూ ఒకటే అయితే గుర్రం సరిగ్గా ఉంది. నొక్కినప్పుడు స్వరం ఎక్కువగా వస్తే గుర్రాన్ని ఒకటి రెండు మిల్లీమీటర్లు వెనక్కి, అంటే పై అడ్డుకు దూరంగా జరపాలి. తక్కువగా వస్తే ముందుకు జరపాలి.

మెట్లకు వెదురు బద్దలు వాడి మొదట దారంతో కట్టండి. స్వరం సరిపోయాకే అంటించండి. ముందే అంటిస్తే పీకేటప్పుడు దండి పాడవుతుంది.

ఏది ముందు, ఏది తరువాత?

చాలామంది మొదట మెట్లు పెడతారు, ఎందుకంటే మెట్లు ఉంటేనే గిటారులా కనిపిస్తుంది. కానీ గుర్రం కొంచెం జరిగినా మెట్ల లెక్క అంతా మారిపోతుంది. కాబట్టి ఈ వరస పాటించాలి.

1. దండి గట్టిగా ఉందా?
2. మూత ఊగుతుందా?
3. తీగ ఎత్తు సరిపోయిందా, గరగర పోయిందా?
4. శ్రుతి నిలబడుతుందా?
5. అన్నిటికంటే చివర మెట్లు.

ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చిన తరువాత మీటి వినండి. మూడు కలిపి మారిస్తే దేనివల్ల బాగైందో, దేనివల్ల చెడిందో తెలియదు.

జాగ్రత్తలు

ఇనుప తీగ వాడేవాళ్ళు బిగించేటప్పుడు మొహం దగ్గర పెట్టుకోవద్దు. తెగితే కంటికి తగులుతుంది. తీగ కొసలు మడిచి పెట్టాలి.

రేకు అంచులు బ్లేడులా కోస్తాయి. అంచులు లోపలికి మడిచి, పైన టేపు వెయ్యాలి.

కరెంటు వైర్ల నుంచి తీగలు లాగకూడదు.

సైకిలు బ్రేకు తీగ విప్పితే సన్నటి మంచి పోగులు వస్తాయి. కానీ పాతది, పారేసినది మాత్రమే తీసుకోవాలి. మన వాచ్‌మన్ తాత సైకిలు జోలికి ఎవరూ పోవద్దు. ఆయన రోజూ ఆ వాలు దిగి రావాలి.

వార్డెన్ మేడం గారికి మనవి

మేడం, ఇది చదువు పక్కన పెట్టి ఆడే ఆట అని మీరు అనుకోవచ్చు. కానీ ఇందులో ధ్వని పాఠం ఉంది, భిన్నాలు ఉన్నాయి, నిష్పత్తి ఉంది. స్టడీ అవర్లో చెయ్యం. ఆదివారం బట్టలు ఉతుక్కున్న తరువాత చేసుకుంటాము. పాత సామానుతో పాటు ఈ ఐదు గిటార్లు పంపించవద్దని, మాకు రెండు ఆదివారాలు సమయం ఇవ్వమని కోరుతున్నాను. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి ఏడూ కలిపి వాయిస్తే మీకూ సంతోషంగా ఉంటుంది.

అక్కలకు, చెల్లెళ్ళకు ఒక మాట. మనలో చాలామంది లెక్క తప్పితే పేజీ చింపేస్తారు. చింపేస్తే తప్పు ఎక్కడ జరిగిందో ఇక ఎప్పటికీ తెలియదు. మన ఊళ్ళల్లో డప్పు మెత్తబడితే ఎవరైనా పారేస్తారా? నాలుగు పుల్లలు అంటించి సెగ చూపిస్తారు. చర్మం బిగుసుకుని మళ్ళీ మోగుతుంది. ఆ డప్పు వాయించేవాళ్ళు ఎవ్వరూ "నాకు సంగీతం రాదు" అని అనరు, సెగ ఇంకొంచెం కావాలేమో అని చూస్తారు. డబ్బా గిటారు కూడా అంతే.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం మెస్ వెనుక చింతచెట్టు కింద కూర్చుంటాను. మంచాల కింద ఉన్నవి తీసుకుని రండి. ఒక స్కేలు, ఒక పెన్సిలు, రెండు రూపాయి బిళ్ళలు తెచ్చుకోండి. బిళ్ళలు ఎవరివి వాళ్ళకే ఇచ్చేస్తాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని